గొర్రెల నట్టల మందు మా నాన్న తాగేశాడు, ఏం చేయాలో చెప్పండి

పాలమూరు పిల్లగాడు:

అందరికీ నమస్తే. టెన్షన్‌లో రాస్తున్నా, అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, ఊళ్లో అమ్మానాన్న, ఒక నలభై గొర్రెలు. నిన్న రాత్రి ఫోన్ చేస్తే అమ్మ ఏదో మాట్లాడుతూ మధ్యలో చల్లగా చెప్పింది, నాన్నకి నెల రోజుల నుంచి కడుపులో తిప్పినట్టు ఉంటోందట, అన్నం సయించట్లేదట, పక్కింటి పెద్దాయన "నట్టలు పడ్డయేమో" అంటే గొర్రెలకి పోసే మందే ఒక మూత నిండా తాగేశాడట. ఎప్పుడే అంటే "నాలుగు రోజులైంది లే, మంచిగనే ఉన్నడు" అంటుంది!

పక్కింటి పిల్లాడితో సీసా ఫోటో తీయించి పంపించుకున్నా. కాగితం సగం చినిగిపోయింది, ఉన్న సగంలో క్లోసాంటెల్ 15 శాతం అని ఉంది, పక్కన ఏదో పశువు తలకాయ బొమ్మ. మూత అంటే పది మి.లీ. ఉండొచ్చు. నాన్నకి 58 ఏళ్లు, అరవై కిలోలు ఉంటాడు, బీపీ షుగర్ లాంటివి ఏమీ లేవు.

నేను అరిస్తే ఆయన నాకే ఎదురు లెక్క చెప్పాడు. "గొర్రె ముప్పై కిలోలు, నేను అరవై. దానికి కానిది నాకేమైతది? గొర్రె కడుపుల నట్టలు వేరే, మనిషి కడుపుల నట్టలు వేరేనా?" నిజం చెప్పాలంటే దానికి నా దగ్గర జవాబు లేదు. ఆల్బెండజోల్ మనకీ ఇస్తారు, గొర్రెలకీ ఇస్తారు. ఐవర్‌మెక్టిన్ కూడా అంతే అని విన్నా. మరి ఇదీ అలాంటిదేనా? అన్నిటికన్నా భయం ఏంటంటే వారం తర్వాత ఇంకో మూత వేసుకుంటాడట, అమ్మకి కూడా పోస్తాడట. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త త్వరగా చెప్పండి.

---

కర్నూలు సిస్టర్:

తమ్ముడూ, ముందు రెండో మూత ఆపు. మిగతావన్నీ తర్వాత. నాలుగు రోజులైంది కాబట్టి ఇప్పుడు ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం లాంటివి చేయొద్దు, వాటితో లాభం లేకపోగా కొత్త గొడవ. నాన్నగారిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, వెళ్లేటప్పుడు ఆ సీసా కూడా పట్టుకెళ్లండి, చినిగిన కాగితంతో సహా. డాక్టర్‌కి "ఏదో నట్టల మందు" అని చెప్తే ఆల్బెండజోల్ అనుకుని ఏం కాదని పంపించేస్తారు, మందు పేరు పలికి మరీ చెప్పండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది, టోల్‌ఫ్రీ 1800 116 117, డాక్టర్లు కూడా వాళ్లని అడుగుతారు.

నేను క్యాజువాలిటీలో పనిచేసేటప్పుడు ఒక పదేళ్ల పాపని తెచ్చారు. తలలో పేలు ఎక్కువయ్యాయని వాళ్ల నానమ్మ గేదెల పిడుదుల మందు నీళ్లలో కలిపి తలకి పట్టించి గుడ్డ కట్టింది. అమిట్రాజ్ అనే మందు అది. పాప మత్తుగా పడి ఉంది, నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది, కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి. చూడగానే ఎవరైనా పురుగుల మందు తాగిందనే అనుకుంటారు, దానికి విరుగుడైన అట్రోపిన్ ఎక్కించేస్తారు. అదృష్టం ఏంటంటే వాళ్ల మామయ్య డబ్బా జేబులో పెట్టుకొచ్చాడు. అందుకే సీసా సీసా అని అంత చెప్తున్నా.

---

నిష్ఠూరం నిజం:

ఊరికే భయపెట్టకండి అక్కా. నాలుగు రోజులైంది, మనిషి బాగానే ఉన్నాడు కదా. మా తాత పశువుల పసుపు ఆయింట్‌మెంటే జీవితాంతం పుండ్లకి రాసుకున్నాడు, 90 దాటి బతికాడు. కోవిడ్ టైంలో మా ఇంట్లో నలుగురం పశువుల ఐవర్‌మెక్టినే తాగాం, ఎవరికీ ఏమీ కాలేదు. మాత్రలు దొరకలేదు, దొరికినా రేటు పెంచి అమ్మారు, పశువుల షాపులో సీసా అంతా కలిపి ఆ రేటులో వచ్చింది. నోబెల్ బహుమతి వచ్చిన మందు అది. గుర్రానికి ఇచ్చినంత మాత్రాన గుర్రం మందు అయిపోతుందా? అసలు సంగతి వ్యాపారం. ఒకే మందుకి రెండు డబ్బాలు, రెండు రేట్లు. పల్లెలో పశువుల షాపు పొద్దున్నే తెరుస్తారు, అప్పు ఇస్తారు. మనుషుల డాక్టర్ ఎక్కడున్నాడో చెప్పండి ముందు.

---

రిటైర్డ్ పశువుల డాక్టర్:

బాబూ, నేను పశుసంవర్ధక శాఖలో ముప్పై ఏళ్లకి పైగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం గొర్రెలున్న మండలాల్లోనే. నీ పోస్టు చూశాక కాఫీ చల్లారిపోయింది, అలా కూర్చునే రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

ముందుగా, కళ్లు. ఇవాళే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. మామూలు అద్దాల పరీక్ష కాదు, కంటి వెనక రెటీనా చూడాలి. మెహదీపట్నం సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిదే, అక్కడ చూస్తారు. క్లోసాంటెల్ మనిషి లోపలికి వెళ్తే దెబ్బ కొట్టేది రెటీనానీ, కంటి నరాన్నీ. తాగిన రోజే తెలియదు, కొన్ని రోజులు గడిచాక చూపు మసకబారడం మొదలవుతుంది. నాలుగు రోజులు బాగున్నాడు అనే మాటకి ఈ మందు విషయంలో విలువ లేదు. దీనికి విరుగుడు మందు కూడా లేదు, అందుకే కనిపెట్టుకుని ఉండటం ముఖ్యం.

ఇప్పుడు మీ నాన్నగారి లెక్క. ఆయన లెక్కలో తూకం ఉంది, మోతాదు లేదు. 15 శాతం అంటే ఒక్కో మి.లీ.లో 150 మి.గ్రా. గొర్రెకి మనం పోసేది కిలోకి 10 మి.గ్రా. ముప్పై కిలోల గొర్రెకి 300 మి.గ్రా., అంటే రెండు మి.లీ. ఆయన తాగింది పది మి.లీ. అయితే 1500 మి.గ్రా., అరవై కిలోల మనిషికి కిలోకి 25. గొర్రెకి పోసే దానికి రెండున్నర రెట్లు. గొర్రెకే అంత పోయం! పైగా మనిషికి ఇంత అని ఎవరూ లెక్క కట్టలేదు, ఎందుకంటే ఇది మనుషుల మందుగా ఎక్కడా లేదు. ఆల్బెండజోల్, ఐవర్‌మెక్టిన్ సంగతి వేరే, అవి మనుషుల మీద పరీక్షించి, మనిషికి ఇంత అని తేల్చిన మందులు. క్లోసాంటెల్ ఆ వరసలో లేదు. "నట్టల మందు" అనేది మనం పెట్టుకున్న ఇంటిపేరు బాబూ, ఆ ఇంటిపేరున్న వాళ్లందరూ అన్నదమ్ములు కాదు.

ఇంకో సంగతి. ఇది పనిచేసేది రక్తం పీల్చే వాటి మీద. గొర్రె కార్జంలో చేరే జలగలు, పొట్టలో రక్తం పీల్చే సన్న నట్టలు, ముక్కులో పడే పురుగులు, వీటికి. మందు లోపలికి వెళ్లగానే రక్తంలోని మాంసకృత్తుకి అంటుకుని కూర్చుంటుంది, ఆ రక్తం పీల్చిన నట్ట చస్తుంది. మనుషుల పేగుల్లో మామూలుగా పడే ఏలికపాముల కోసం చేసిన మందు కానే కాదు. అంటే మీ నాన్నగారు కళ్లు పణంగా పెట్టి పనికిరాని మందు తాగారు. అసలు ఆయన కడుపులో పురుగులు ఉన్నాయని ఎవరు చూశారు? 58 ఏళ్ల మనిషికి నెల రోజులుగా ఆకలి లేకపోతే అది వేరేగా చూపించుకోవాల్సిన విషయం.

అలా రక్తంలో అంటుకుని ఉండిపోతుంది కాబట్టే త్వరగా బయటికి పోదు. గొర్రెలో అయితే సగం తగ్గడానికే రెండు వారాలు పడుతుంది. మందు పోసిన గొర్రెని వారాల తరబడి కోయొద్దని మేం చెప్పేది అందుకే. వారం తర్వాత ఇంకో మూత అంటే మొదటిది లోపల ఉండగానే దాని మీద ఇంకోటి. సిస్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం, ముందు అది ఆపు.

ఇది జరగని విషయం కూడా కాదు. 1990ల మొదట్లో లిథువేనియా అనే దేశానికి విరాళంగా మందులు వచ్చాయి, వాటితో పాటు వివరాల కాగితం రాలేదు. అక్కడి డాక్టర్లు పేరు చూసి ఇదేదో ఆడవాళ్ల గర్భసంచి జబ్బుకి వాడే మందు అనుకుని ఇచ్చారు. పదకొండు మంది ఆడవాళ్లకి చూపు పోయింది. అది క్లోసాంటెల్. వాళ్లకి తర్వాత చూపు వచ్చింది. ఇరాన్ కంటి వైద్యులు రాసిన కేసుల్లో మాత్రం పూర్తిగా తిరిగిరాని వాళ్లూ ఉన్నారు. కాగితం లేని మందు డాక్టర్లనే బోల్తా కొట్టించింది, మన ఇంట్లో సగం చినిగిన కాగితంతో, ఇంకా చెప్పాలంటే కూల్‌డ్రింక్ సీసాలో పోసి చూరులో పెట్టిన మందు సంగతి ఏం చెప్పాలి. ఆ పశువు తల బొమ్మ ఊరికే వేసింది కాదు, పశువుల మందు మీద అది ఉండాలనీ, మనుషులు వాడకూడదని రాసి ఉండాలనీ మన చట్టంలోనే ఉంది. కాకపోతే ఆ రాత ఇంగ్లీషులో ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో.

మీ నాన్నగారు ఈ మాటలేవీ వినకపోవచ్చు. నేను చెప్పానని ఒక్కటి అడుగు. "నాన్నా, నట్టల మందు ఎక్కువ పడిన గొర్రె ఎట్లా అయిద్ది?" అని. గొర్రెలు కాచిన మనిషికి ఆ జవాబు నాకన్నా బాగా తెలుసు.

---

మిసిసిపీలో ఫార్మసీ:

నిష్ఠూరం నిజం గారికి ఒక మాట. నేను 2021లో మిసిసిపీలోనే ఉన్నా, ఇప్పటికీ ఇక్కడే ఫార్మసీలో. ఐవర్‌మెక్టిన్ మంచి మందు కాదని ఎవరూ అనట్లేదండీ. జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చింది, 1980ల మొదట్లో పశువులకి, 1987 నుంచి ఆఫ్రికాలో నది అంధత్వానికి (పరాన్నజీవి వల్ల చూపు పోయే జబ్బు) మనుషులకి, 2015లో ఒమురా, క్యాంప్‌బెల్ ఇద్దరికీ నోబెల్. అంతా నిజమే. నోబెల్ వచ్చింది పరాన్నజీవుల మీద పనిచేసినందుకు, సీసాకి కాదు.

ఇక్కడ గుర్రాలకి వచ్చే పేస్టు ట్యూబు ఒకటి ఉంటుంది, యాపిల్ రుచితో కూడా దొరుకుతుంది. అందులో సుమారు 113 మి.గ్రా. ఉంటుంది, 567 కిలోల గుర్రానికి ఒక్కసారికి. మనుషులకి పరాన్నజీవుల జబ్బుకి ఇచ్చేది కిలోకి 200 మైక్రోగ్రాములు, అంటే అరవై కిలోల మనిషికి మొత్తం 12 మి.గ్రా. ట్యూబు అంతా నాకినవాడు తొమ్మిది రెట్లకి పైగా తీసుకున్నట్టు. ట్యూబు మీద గీతలుంటాయి, గుర్రం బరువు బట్టి తిప్పుకోవాలి, మనుషులకి అందులో గీత ఉండదు. పశువుల ఇంజక్షన్ అయితే ఒక్కో మి.లీ.లో 10 మి.గ్రా., అది చర్మం కింద వేయడానికి చేసింది, అందులో మందుతో పాటు ఉండే ద్రావకాలు మనిషి గుక్కెడు తాగుతాడని కలిపినవి కావు.

2021 ఆగస్టులో మా రాష్ట్ర ఆరోగ్య శాఖ చెప్పింది, విష సమాచార కేంద్రానికి ఐవర్‌మెక్టిన్ గురించి వచ్చిన కాల్స్‌లో కనీసం 70 శాతం పశువుల షాపులో కొన్న మందు తీసుకున్నవాళ్లవేనని. అదే నెలలో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఒక హెచ్చరిక ఇచ్చింది, అందులో ఒకరి కేసు ఉంది. కోవిడ్ రాకుండా పశువుల ఇంజక్షన్ మందు తాగారు, అయోమయం, మగత, లేనివి కనిపించడం, వణుకు, తొమ్మిది రోజులు ఆసుపత్రిలో. లాస్ వేగాస్‌లో ఒక షాపు వాళ్లయితే గుర్రంతో దిగిన ఫోటో చూపిస్తేనే అమ్ముతామని బోర్డు పెట్టారు. నవ్వొచ్చే విషయమే, కానీ మా కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లని చూస్తే నవ్వు రాలేదు. భయంతో వచ్చారు, ఇంట్లో ఎవరో ఐసీయూలో ఉన్నారు, ఏదో ఒకటి చేయాలి అన్న ఆత్రం.

మీరు అనబోయేది కూడా నాకు తెలుసు, "నువ్వు గుర్రానివి కాదు" అని ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన పోస్టు 2024లో కేసు రాజీ అయ్యాక తీసేశారు కదా అని. తీసేశారు. డాక్టర్ల పనిలో వేలు పెట్టారన్నది ఆ కేసు, పశువుల మందు మనుషులు తాగొచ్చని కోర్టు చెప్పలేదు. ఆ పోస్టు నాకూ నచ్చలేదు లెండి, భయపడ్డవాడిని వెక్కిరిస్తే వాడు మన మాట వినడు. ఇక కోవిడ్‌కి పనిచేసిందా అంటే బ్రెజిల్‌లో పెద్ద ఎత్తున చేసిన పరీక్షలో లాభం కనిపించలేదు, మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కూడా 2021 సెప్టెంబర్‌లో చికిత్స జాబితా నుంచి తీసేసింది. మీ నలుగురికీ ఏమీ కాలేదంటే సంతోషం. ఎంత తాగారు, ఏ కొలతతో?

---

నిష్ఠూరం నిజం:

సిరంజితో కొలిచాం, మా ఊళ్లో పశువులని చూసే గోపాలమిత్ర చెప్పినట్టు. సరే, ఈ క్లోసాంటెల్ సంగతి నాకు తెలియదు, కళ్లు పోతాయని ఇప్పుడే వింటున్నా, దాని గురించి నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నా. రేట్ల గురించి, డాక్టర్లు లేకపోవడం గురించి అన్నది మాత్రం తీసుకోను.

---

రిటైర్డ్ పశువుల డాక్టర్:

తీసుకోవద్దు, అది నిజమే. గొర్రెకి జబ్బు చేస్తే 1962కి ఫోన్ కొడితే బండి ఊళ్లోకి వస్తుంది. దాన్ని కాచే మనిషి కడుపునొప్పికి బస్సెక్కి మండలానికి పోవాలి, ఆ రోజు మంద ఎవరు కాయాలి? అందుకే వాళ్లు మా కాంపౌండర్లనే అడుగుతారు. నన్నూ అడిగేవాళ్లు, "సారూ, గొర్రెకి ఇచ్చిన ఇంజక్షనే నాకూ ఒకటి పొడువు, నడుం నొప్పి" అని. పొడవనంటే కోపం వచ్చేది, "గొర్రె పాటి చేయనా" అని.

మందు ఒకటే కదా అన్నదానికి ఇంకొక్క మాట. మనిషికీ గొర్రెకీ మధ్య తేడా ఎందుకు, కుక్కకీ కుక్కకీ మధ్యే ఉంది. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఒక జన్యువు చెడి ఉంటుంది, మామూలుగా మెదడులోకి మందు పోకుండా అడ్డుకునే కాపలా వాటికి ఉండదు. పక్క కుక్క హాయిగా తట్టుకునే ఐవర్‌మెక్టిన్ మోతాదుకి అవి వణికి పడిపోతాయి. కోళ్ల దాణాలో కలిపే మోనెన్సిన్ కోడికి మేలు, అదే దాణా గుర్రం తింటే గుండె కండరం దెబ్బతిని చస్తుంది. మనం వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. ఇక మీ నాన్నగారి తూకం లెక్క ఎక్కడ నిలుస్తుంది బాబూ.

---

బెజవాడ బైసెప్స్:

థ్రెడ్ చూశాక నాదీ చెప్పేస్తా. జిమ్ పేరు అడగకండి. మూడేళ్ల క్రితం పోటీకి రెడీ అవుతుంటే కోచ్ ఒక సీసా చూపించాడు, "గుర్రం ఇంజక్షన్ బ్రో, పక్కా ఒరిజినల్, మనుషులది డూప్లికేట్ వస్తుంది కానీ దీంట్లో మోసం ఉండదు" అని. బోల్డెనోన్ అనే స్టెరాయిడ్ అది. మందు మీద గుర్రం బొమ్మ ఉంటే జిమ్ములో అది హెచ్చరిక కాదు, పబ్లిసిటీ! ఆరు వారాలు వేసుకున్నా. ముఖం నిండా మొటిమలు, రాత్రి నిద్ర లేదు, ఇంట్లో అమ్మ మీద అరవడం, చివరికి తుంటి దగ్గర సూది పడినచోట చీము పట్టి కోసి తీయాల్సి వచ్చింది. డాక్టర్ ఏం వేసుకున్నావ్ అంటే రెండు రోజులు అబద్ధం చెప్పా. అది ఇంకా పెద్ద తప్పు.

వాడి దగ్గరే ఇంకోటి ఉండేది, పశువులకి వేసే ఎ, డి3, ఇ విటమిన్ల ఇంజక్షన్, నూనెలా ఉంటుంది. విటమిన్లే కదా అని చాలామంది చేతికి పొడిపించుకుంటారు, కండ ఉబ్బినట్టు కనిపిస్తుంది. నేను వేసుకోలేదు, ఎందుకంటే అప్పటికే తుంటి కోయించుకుని ఉన్నా. తర్వాత చదివితే తెలిసింది, బ్రెజిల్‌లో ఇలా వేసుకున్న కుర్రాళ్లకి విటమిన్ డి పేరుకుపోయి రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు పోయాయట. కండ కూడా నిజమైన కండ కాదు, నూనె గడ్డ.

---

అమలాపురం అమ్మాయి:

మధ్యలో వస్తున్నందుకు సారీ. మా పెద్దమ్మకి ఊపిరితిత్తుల కాన్సర్, కీమో నడుస్తోంది. ఫ్యామిలీ గ్రూపులో ఎవరో కుక్కల నట్టల మందు ఫెన్‌బెండజోల్‌తో అమెరికాలో ఒకాయనకి పూర్తిగా తగ్గిందని వీడియో పెట్టారు. పెదనాన్న ఆన్‌లైన్‌లో తెప్పించేశాడు. డాక్టర్‌కి చెప్పొద్దంటున్నాడు, తిడతారని. ఇది కూడా అలాంటిదేనా?

---

మిసిసిపీలో ఫార్మసీ:

డాక్టర్‌కి చెప్పకుండా ఒక్క డోసు కూడా వద్దని చెప్పమ్మా. ఆ వీడియోలో ఆయన ఓక్లహోమాకి చెందిన జో టిపెన్స్. వీడియోలు దాటేసే ముక్క ఏంటంటే, ఆయన అదే సమయంలో ఆసుపత్రిలో కొత్త ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తితోనే కాన్సర్‌ని కొట్టించే చికిత్స) మందు పరీక్షలో కూడా ఉన్నాడు. తగ్గింది దేనివల్లో కుక్కల మందు ఖాతాలో ఎలా వేస్తారు? 2019లో దక్షిణ కొరియాలో ఈ వీడియో చూసి జనం ఎగబడ్డారు, కుక్కల మందు షాపుల్లో ఖాళీ అయిపోయింది, ప్రభుత్వం వద్దని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. కిమ్ చుల్ మిన్ అని అక్కడి హాస్యనటుడు, మీ పెద్దమ్మ జబ్బే, అందరికీ తెలిసేలా వాడాడు. 2020లో ఆయనే కాన్సర్‌ని ఆపలేకపోయిందని చెప్పి మానేశాడు, 2021 డిసెంబర్‌లో చనిపోయాడు. జపాన్‌లో ఒక పెద్దావిడకి ఈ మందు వల్ల కాలేయం దెబ్బతిన్నట్టు డాక్టర్లు రాశారు. కీమోలో ఉన్నవాళ్లకి కాలేయం ఎంత ముఖ్యమో మీకు తెలుసు, అది పాడైతే కీమోనే ఆపేయాల్సి వస్తుంది. డాక్టర్ తిడతారు అనేదే భయమైతే మీరు వెళ్లి చెప్పండి, పెదనాన్నని ఇంట్లో ఉంచి.

---

అమలాపురం అమ్మాయి:

చెప్తాను అండీ. సోమవారం కీమో ఉంది, డబ్బా నా బ్యాగులోనే పెట్టుకున్నా.

---

పాలమూరు పిల్లగాడు:

అందరికీ, ముఖ్యంగా డాక్టర్ గారికీ సిస్టర్ అక్కకీ చాలా థ్యాంక్స్. అప్పుడే బస్సెక్కి ఊరికి వెళ్లా, అందుకే లేటు.

ఇంటికి వెళ్లి మిగతాదంతా చెప్పా, లిథువేనియా, కిలోకి 25, రక్తం పీల్చే నట్టలు, అన్నీ. నాన్న బీడీ వెలిగించుకుని "ఊ" అంటున్నాడు అంతే. అప్పుడు డాక్టర్ గారు చెప్పిన ప్రశ్న అడిగా. ఎక్కువ పడితే గొర్రె ఎట్లయితది నాన్నా అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మ వైపు తిరిగి "ఆ బొల్లిది యాదికున్నదా" అన్నాడు. ఒకసారి మందు పోసేటప్పుడు రెండు గొర్రెలకి రెండుసార్లు పడిందట, గుర్తు పెట్టకుండా పోసినందుకు. వారానికల్లా అవి మందతో నడవలేక ముళ్లకంపకి గుద్దుకునేవట, నీళ్ల తొట్టి ముందే నిలబడి తొట్టి ఎక్కడుందో తెలిసేది కాదట. ఇదంతా తెలిసి నువ్వెట్లా తాగినవ్ అంటే "గది గొర్రె గదా" అన్నాడు. ఇంక నాకు మాట రాలేదు.

మర్నాడు పొద్దున్నే సరోజినీకి తీసుకొచ్చా. సీసా చూపించి పేరు చెప్పాక డాక్టరమ్మ కళ్లలో చుక్కలు వేసి చాలాసేపు చూసింది, ఫోటోలు తీశారు. ఇప్పటికి రెటీనా బాగానే ఉందట. కానీ ఇంకో వారానికి ఒకసారి, నెలకి ఒకసారి రమ్మంది, రోజూ ఒక్కో కన్ను మూసి క్యాలెండర్ చదివి చూసుకోమంది, రంగులు వెలిసినట్టున్నా, చీకట్లో తడుముకున్నా వెంటనే రమ్మంది. కడుపు సంగతి వేరే ఆసుపత్రిలో చూపించాం, పురుగులు కాదట, గ్యాస్ట్రిక్ పుండు ఉండొచ్చని ఎండోస్కోపీ రాశారు. డాక్టర్ గారు, మీరు అన్నట్టే అయింది.

అమ్మ సీసాని గొర్రెల కొట్టంలో పై కొక్కేనికి కట్టింది. మూత మాత్రం పారేసింది, ఆ మూతతోనే తాగాడని కోపం. ఇప్పుడు గొర్రెలకి దేంతో కొలవాలో తెలియదు, సిరంజి తెస్తా.

ఇంకో విషయం. ఈ సలహా ఇచ్చిన పక్కింటి పెద్దాయన ఉన్నాడు కదా, నిన్న సాయంత్రం మా అరుగు మీద కూర్చుని నాన్నతో అంటున్నాడు, "నేను సంక్రాంతికి తాగిన, నాకేం కాలే, కొంచెం మసకలు తప్ప" అని. మసకలేంది తాతా అంటే శుక్లం అన్నాడు, ఆర్ఎంపీ చెప్పాడట, పండిన తర్వాత తీయించుకోవచ్చని. రెండు కళ్లకీ ఒకేసారి వచ్చిందట. నేను నాన్న మొహం చూశా, నాన్న నా మొహం చూశాడు. రేపు పొద్దున బస్సుకి ఆయన్ని కూడా ఎక్కిస్తున్నాం, ఆయనకి ఇంకా ఎందుకో చెప్పలేదు. సీసా అదే మందా కాదా ఆయనకి గుర్తు లేదు. డాక్టర్ గారూ, ఇన్ని నెలలైంది కదా, ఇప్పుడు చూస్తే తెలుస్తుందా?